పసుపు మచ్చలో కళ్ళు

కొత్తవలస జంక్షన్‌లో కిరండూల్ పాసింజరు ఆగేలోపే ఏజెంట్ కూర్మయ్య ప్రాణం పోయింది. సైలెన్సర్ పిస్టల్. కళ్ళు మూసి కూర్చున్నవాణ్ణి చూసి, నిద్రపోతున్నాడనుకున్నారు పక్కవాళ్ళు.

నెల తిరిగాక చీఫ్ ధనరాజ్‌ని పిలిచాడు.

"చచ్చేముందు కూర్మయ్య శత్రువుల దగ్గర ఒక బొమ్మ కొట్టేశాడు. కలర్ లిథోగ్రాఫ్, రాతి అచ్చులో తీసిన రంగుల బొమ్మ. వెర్‌హోల్ట్ అనే యూరప్ పెయింటర్ సంతకం ఉంటుంది. చూడటానికి వట్టి రంగు మచ్చలు. మధ్యనున్న పసుపు మచ్చలో, కంటికి ఆనని ఇంకుతో మన కోస్టల్ రాడార్ కోడ్ రాసుంది. అల్ట్రావయొలెట్ లైట్ వేస్తేనే కనబడుతుంది."

"కోడ్ మార్చేస్తే?"

"రేపటికి గాని కాదు. ఈ సాయంత్రమే కళింగపట్నం ఎదురుగా వాళ్ళ బోటు కాచుకుంటుంది. కోడ్ అందిందా, రాడార్ గుడ్డిదౌతుంది. ఆయుధాలు ఒడ్డుకొస్తాయి. బొమ్మ సంగతీ, దాన్ని తల్లికి పోస్టులో పంపాడనీ నిన్ననే తెలిసింది. ఆమదాలవలసలో కాంటాక్ట్ కలుస్తుంది. వెళ్ళు."

రైల్లో ధనరాజ్ ఎదురు సీట్లో ఎవరూ కూర్చోలేదు. అయినా దారిపొడుగునా కాళ్ళు ముడుచుకునే కూర్చున్నాడు, ఎవరికో చోటిస్తున్నట్టు. ఒంటిమీద ఫ్యాన్ మెకానిక్ వేషం, చేతిలో పాన సంచీ.

"జీడిపప్పు పలాసదేనా?" ప్లాట్‌ఫారం మీద నల్లకళ్ళద్దాల మనిషి అడిగింది.

"కాదండి, వేటపాలెంది."

కోడ్‌వర్డ్ సరిపోయింది. సుహాసిని. ఆఫీసులో ఆమె నడిచి వెళితే మగాళ్ళు ఫైళ్ళు తలకిందులుగా చదివేవాళ్ళు.

ఊరి చివర పెంకుటింట్లో కూర్మయ్య తల్లి తవిటమ్మ వాళ్ళను ఎగాదిగా చూసింది. "ఏటి, ఫేనుకొచ్చారా? అది తిరిగి ఏడాదైనాది. అయినా ఒక్క ఫేనుకి ఇద్దరేటి? మా కూర్మయ్య ఆపీసోలు కదా మీరు?"

ధనరాజ్ తల దించుకున్నాడు.

"ఆడు పోయినపుడు ఫొటోలన్నీ పట్టుకుపోనారు. సీక్రెట్టట! మరి నానెవుడికి దండమెట్టుకోను బాబూ?"

గోడమీద లిథోగ్రాఫ్. దానికి బంతిపూల దండ, కుంకుమ బొట్టు.

"ఆడు ఆఖరున పంపిందిదే. అద్దమెడితే ఆడికి ఊపిరాడదని ఎట్టలేదు. దినామూ పసుపు తడిపి, ఆ మజ్జ మచ్చలో ఏలితో ఆడి మొగం రాసుకుంటాను. పసుపు మీద పసుపు కదా, మీకగుపడదులే."

వెనక తలుపు గడియ పడింది. గది చీకటైంది.

"కదలకు ధనరాజ్." సుహాసిని చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"కూర్మయ్యని కూడా నువ్వేనా?"

"నొప్పి తెలీకుండా పోయాడు. కళ్ళు మాత్రం మూయలేదు, నన్నే చూస్తూ ఉండిపోయాడు. నేనే మూశాను."

తవిటమ్మ ఒక అడుగు ముందుకేసింది. "అమ్మీ, ఆడి కళ్ళు మూసింది నువ్వా?"

సుహాసిని గోడవైపు నడిచింది. చెవిలో ఇయర్‌ఫోన్, ఎడంచేతిలో లిప్‌స్టిక్. మూత తిప్పితే ఊదారంగు వెలుగు పడింది. బొమ్మ మీదకి తిప్పింది.

కోడ్ లేదు. మచ్చంతా ఆకుపచ్చగా భగ్గుమంది. ఆ వెలుగులోంచి ముక్కు, నోరు, గుబురు మీసం, విప్పారిన రెండు కళ్ళు. సూటిగా ఆమెనే చూస్తున్నాయి.

"మూశాను... నేను మూశాను..." పిస్టల్ పట్టిన చెయ్యి కిందకి వాలింది. ఆ ఒక్క క్షణం చాలు. ధనరాజ్ పాన ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ మంచం కిందకి దొర్లింది. ఊడిపడ్డ ఇయర్‌ఫోన్‌లో ఎవడో సన్నగా "కోడ్? కోడ్?" అని రెండుసార్లు అడిగి, ఆగిపోయాడు.

సుహాసిని చేతులకి బేడీలు వేశాడు ధనరాజ్. అల్ట్రావయొలెట్ కింద పసుపు వెలుగుతుందని ట్రైనింగ్‌లో విన్నదే. ఆ వెలుగులో కోడ్ మునిగిపోయింది. అంతవరకూ సరే.

"మీసం భలే రాశావమ్మా."

"మీసమేటి? నా కొడుక్కి మీసమెప్పుడున్నాది?"

ధనరాజ్ మళ్ళీ బొమ్మవైపు తిరిగాడు. ఆఖరి మిషన్ కోసం కూర్మయ్య మీసం పెంచాడు. ఆ వేషంలో తల్లి అతన్ని చూడనేలేదు.

ఫోన్ మోగింది. చీఫ్. "బోటు వెనక్కి తిరిగిందయ్యా! బొమ్మ తెస్తున్నావా?"

"పనికిరాదు సార్. పాడైపోయింది. గోడకే ఉండనివ్వండి."

"మరి నువ్వింకా అక్కడేం చేస్తున్నావ్?"

ధనరాజ్ స్టూలెక్కి పాన తీశాడు. "ఫ్యాన్ బాగుచేస్తున్నాను సార్. ఈ ఇంట్లో ఇద్దరుంటున్నారు, ఉక్కగా ఉందట."