గాంధారిని అడిగిందెవరు?

ఆదివారం పొద్దున్నే కనకరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉప్పల్ నుంచి నాచారంలోని అక్క ఇంటికి బయలుదేరాడు. మేనకోడలు అమూల్య పెళ్ళి మాటలకు అంబర్‌పేట్ నుంచి మగపెళ్ళివారు వస్తున్నారు. మేనమామ ముందుండాలి కదా! ఉంటాడు, ఎందుకుండడు? ఆ సంబంధం చెడగొట్టడానికే వెళ్తున్నాడు మహానుభావుడు.

బావ ఉప్పలయ్యకు చూపు లేదు. రేచీకటితో మొదలై పూర్తిగా పోయింది. పెళ్ళినాటికే ఉన్న ఆ రేచీకటి సంగతి దాచి బావవాళ్ళు అక్క సారలమ్మను చేసుకున్నారని పెళ్ళయిన ఏడాదే కనకరాజు చెవిన పడింది. అప్పట్నుంచీ కడుపులో మంట చల్లారలేదు. బస్తీలో ఎవరైనా శకుని అని ఎగతాళి చేస్తే మీసం దువ్వేవాడు.

"అవు, శకునినే! గాంధారికి గుడ్డి మొగుణ్ణి అంటగట్టిన్రు. తమ్ముడు ఊకున్నడా? వంశాన్నే ఊడ్చిపారేసిండు. నాకు గూడ ఒక దినం వస్తది సూడు!"

వచ్చింది. పెళ్ళికొడుకు తండ్రి అచ్యుతరావు, ఆయన భార్య ఉప్మా తిని చెయ్యి కడుక్కున్నారో లేదో, కనకరాజు గొంతు సవరించుకున్నాడు.

"మా బావకు షుగర్‌తోని కండ్లు పోయినయని చెప్పిన్రట గదా మీకు? అంత ఝూటా! అది పుట్టుకతోని వచ్చిన రోగం. వీళ్ళ నాయనకు గూడ ఉండె. రేపు పిల్లకు రాదని ఏం నమ్మకం?"

అచ్యుతరావు ముఖం మాడిపోయింది. "సంబంధం తెచ్చినాయన ఈ మాట చెప్పలేదే! ఇంటికెళ్ళి ఆలోచించుకుంటామండీ" అని భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు. అమూల్య గదిలోకి పోయి తలుపేసుకుంది.

"సూసినవా అక్కా? నీకు జేసిన మోసానికి ఇయ్యాల బదులు తీర్చిన!"

"ఏం మోసంరా?" అంది సారలమ్మ. "పెళ్ళిచూపుల నాడే ఆయన నాకు చెప్పిండు."

"ఏందీ?"

"ఆ పొద్దు చీకటి పడ్డంక కరెంటు పోయింది. అందరు తడుముకుంటున్రు. ఈయనొక్కడే నా గాజుల సప్పుడు పట్టుకొని నీళ్ళ గ్లాసు తిన్నగ అందుకున్నడు. 'చీకటి నాకు అలవాటే, నాకు రేచీకటి ఉంది. మావోళ్ళు చెప్పొద్దన్నరు గని నిన్ను మోసం జేయలేను, వద్దంటే నేనే తప్పుకుంట' అన్నడు. నాకు నచ్చిండు, చేసుకున్న. అమ్మానాయన ఆపుతరని ఎవ్వరికి చెప్పలె."

"నాకన్న చెప్పొద్దా?"

"నువ్వెన్నడన్న అడిగినవా? సుఖంగ ఉన్నవా అక్కా అని ఒక్కనాడన్న అడిగినవా? నీ కోపం నా బిడ్డ మీద పడతదనుకోలేదురా! శకుని, శకుని అని మురుస్తవు గదా. ఆ చచ్చినోళ్ళు ఎవరి కొడుకులు? గాంధారి పిల్లలు గాదా? అక్క కోసమని అక్కకే కడుపుకోత పెట్టిండు వాడు. నువ్వు గూడ గదే జేసినవ్!"

మూలన కుర్చీలో ఉన్న ఉప్పలయ్య మెల్లగా అన్నాడు.

"షుగరని చెప్పింది సంబంధం తెచ్చినాయన. అసలు సంగతి నేనే చెప్దామని వాళ్ళను పిలిపించిన కనకరాజూ. పిల్లను కండ్ల దవాఖానల చూపించినం. దానికేం లేదన్నరు. నా నోటితోని అదంత చెప్పేలోపు నువ్వు చెప్పినవ్, గంతే."

ఆ మాటలో విసుగైనా లేకపోయేసరికి కనకరాజుకు తల ఎత్తబుద్ధి కాలేదు. గదిలోంచి అమూల్య ఏడుపు వినిపిస్తోంది. అంతే, చెప్పులైనా తొడుక్కోకుండా వీధిలోకి పరిగెత్తాడు. సందు చివర ఆటో ఎక్కుతున్న వాళ్ళకు అడ్డంగా నిలబడ్డాడు.

"జర ఆగున్రి! నేను పగతోని చెప్పిన. మా బావ అన్నీ ఆయనే చెప్దామని మిమ్మల్ని పిలిచిండు. పిల్లకు ఏ రోగం లేదని డాక్టర్లు చెప్పిన్రట. ఆయన మాట ఒక్కసారి విని పోండి, మీ కాళ్ళు మొక్కుత!"

అచ్యుతరావుకు ఒళ్ళు మండింది. "నట్టింట్లో కూర్చుని ఆ పిల్ల బతుకు అల్లరి చేశారు. అసలు మీరు ఆ అమ్మాయికి ఏమవుతారండీ?"

మేనమామనని చెప్పడానికి కనకరాజుకు నోరు రాలేదు. రోడ్డు మధ్యలో నిలబడి బావురుమన్నాడు.

అచ్యుతరావు భార్య ఆటో దిగింది. "రండి, ఆ తండ్రి ఏం చెబుతాడో విందాం" అంది.