గుమ్మంలోపలి పెంకు

గ్రీసు దేశంలో నాఫ్లియో పట్నం దగ్గర మా ఊళ్ళో మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలసేపు ఎవరూ గడప దాటరు. తవ్వకాల పనివాళ్ళూ నిద్రపోయేవారు. నేనూ, నా నేస్తం దియమాంతో మాత్రం కొట్టుగదిలో కూర్చుని, కొండ సమాధిలో దొరికిన కుండపెంకులు అతికించేవాళ్ళం. మూడువేల ఏళ్ళకు పైబడిన, మైసీనియన్ల కాలం నాటి కుండ అది. మేమిద్దరం పదిహేనేళ్ళుగా ఒకే రొట్టె తుంచుకు తిన్నవాళ్ళం.

ఎర్రరంగు బొమ్మలు ఒక్కొక్కటే కుదిరాయి. తలమీద చేతులు పెట్టుకుని ఏడుస్తున్న ఆడవాళ్ళు. చివర్లో సమాధి గుమ్మం. దానికి రాళ్ళు అడ్డం పేరుస్తున్న ఒకతె. గుమ్మంలోపలి పెంకు మాత్రం లేదు.

"అదిక దొరకదులేవే స్తమాతా," అంది దియమాంతో తలెత్తకుండా.

ఆమె నీళ్ళకి వెళ్ళినప్పుడు చప్పుడు వినిపించింది. గోటితో గీకుతున్నట్టు... ఆమె సంచిలోంచి. చెయ్యి పెట్టాను. మండే ఎండల్లో కూడా ఒక పెంకు చల్లగా తగిలింది.

అతికేలా ఆనించి చూశాను. గుమ్మంలోపల ఒక ఆడమనిషి. శవం కాదు. నోరు తెరిచి, చేతులు బయటికి చాచి ఉంది.

"చూసేశావా?" దియమాంతో గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు లేదు. "దాన్ని తీసినచోటే పెట్టేద్దాం రావే. ఒక్కదాన్నీ వెళ్ళలేను."

వెళ్ళాను. అడిగింది దియమాంతో కదా. టార్చి నా చేతికిచ్చి కొండ సమాధిలోకి ముందు నన్ను పంపింది. చివరి గోడ దగ్గర పెంకు పెట్టి వంగి ఉండగా, వెనక గుమ్మంలో రాయిమీద రాయి పడసాగింది.

"దియమాంతో! ఏంటే ఈ వేళాకోళం?"

"ఆ పెంకులోది రోజూ కల్లోకొస్తోందే," గుసగుసగా అంది. "తోడు కావాలంటోంది. నా కూతుర్ని అడిగింది. నీకు... నీకెవరూ లేరుగా."

ఆ మాట ముందు చీకటెంత! ఆమె అడుగులు పరుగెత్తుతూ దూరమయ్యాయి.

అయినా రాళ్ళు పడుతూనే ఉన్నాయి.

గుమ్మం వైపు ఉరికాను. టార్చి జారింది... ఆరింది. చివరి వెలుతురు గీత మూసుకుపోయింది. పక్కన ఎవరో ఊపిరి తీశారు. నేను ఊపిరి బిగబట్టాను. అది ఆగలేదు.

సాయంత్రం పనివాళ్ళు నా కేకలు విని రాళ్ళు లాగారు. దియమాంతో తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని వాళ్ళ వెనకే ఉంది.

"మూడు వరసలే పేర్చానే... మనసొప్పక పారిపోయాను. మూడే..."

నేను ఆమెవైపు చూడలేదు. మేస్త్రీ స్త్రాతిస్ పైరాళ్ళు తిప్పి చూస్తున్నాడు.

"ఈ రాళ్ళ సందుల్లో మట్టి లోపల్నుంచి మెత్తారమ్మా. నువ్వేనా?"

చేతులు చాపి చూపించాను. పొడిగా ఉన్నాయి.

మట్టిమీద వేలిగుర్తులు ఇంకా తడిగానే ఉన్నాయి.