మూర మల్లెలు, ఒక్క డోసు

పాల్ చేసిన తప్పల్లా మల్లెపూలు వాసన చూడటమే.

తిరుచానూరులో పూలబుట్టలు మోసే కూలీ వేషంలో తిరుగుతున్న సీక్రెట్ ఏజెంట్ అతను. అనుమానం వచ్చి ఒక బుట్టలో ముక్కు పెట్టాడు. మధ్యాహ్నానికి సొంత పేరు తడుముకున్నాడు. సాయంత్రానికి మూర్ఛలు మొదలయ్యాయి. మర్నాడు తిరుపతిలో ఒక ఆస్పత్రి మంచానికి అతన్ని గుడ్డలతో కట్టేయాల్సి వచ్చింది. తన వేళ్లు తానే కొరుక్కుంటున్నాడు మరి. భార్య జెస్సీ పక్కనే కూర్చుని ఉంది.

తిరుచానూరు లాడ్జి గదిలో చీఫ్ మునస్వామి ఏజెంట్ రవిచంద్రకు బ్రీఫింగ్ ఇచ్చాడు. మునస్వామికి జాలి చూపించడం చేతకాదు. గవర్నమెంట్ ఆయనకు ఆ అలవెన్స్ మంజూరు చేయలేదు.

"ఆర్కిడ్ అని ఒక ఫారిన్ ముఠా. వాళ్లు ఒక ప్రోటీన్ పొడి చేసినారు. పూలమింద సల్లితే కనపడదు. గట్టిగా పీలిస్తే ముక్కు నరాలు పట్టుకోని నేరుగా మెదడులోకి పోతాది."

"పోయి?"

"మన ఇమ్యూనిటీకి పిచ్చి పట్టిస్తాది. నరాల కణాలను శత్రువులనుకోని మన ఒళ్లే వాటిని పీక్కు తింటాది. కాపలాకుక్క ఇంటోళ్లను కరిసినట్టు."

"విరుగుడు?"

"డాక్టర్ పంకజాక్షి. ఆ ప్రోటీన్‌ను పట్టేసే యాంటీబాడీ చేయడం ఆయమ్మ ఒక్కదానికే తెలుసు. తయారైంది ఒక్క డోసు. ఇంకోటి కావాలంటే నెలలు పడతాది. ఆయమ్మను లేపేస్తే ఆర్కిడ్‌కు ఇంక అడ్డం లేదు. ఆ పని ఈ పొద్దే చేస్తారు."

"చేసేది ఎవురు సార్?"

"రాజశ్రీ సెప్తాది."

రాజశ్రీ డబుల్ ఏజెంట్. ఆర్కిడ్ జీతం తీసుకుంటూ మనకు పనిచేసే మనిషి. తిరుచానూరు పూలవీధిలోనే, దండలు కట్టే ఇంట్లో పుట్టి పెరిగి, ఊరు వదిలి ఏళ్లైంది. రవిచంద్ర ఆమెను ఫోటోలో తప్ప చూడలేదు.

"పాల్ సంగతి?" అడిగాడు రవిచంద్ర. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయినవాళ్లు. జెస్సీని పాల్‌కు పరిచయం చేసింది కూడా అతనే.

"డోసు ఆయప్పకే. డాక్టరమ్మ బతికుంటే గదా తెచ్చేది? పో."

తిరుపతి చుట్టుపక్కల గుండుకు మించిన మారువేషం లేదు. రవిచంద్ర గుండు గీయించుకుని గంధం పూసుకుని, భుజాన తడి తువ్వాలు వేసుకున్నాడు. ముక్కు రంధ్రాల్లో కనపడని ఫిల్టర్లు. మణికట్టుకు ఎర్రదారం, ఆ ప్రోటీన్ దగ్గరికొస్తే అది నీలంగా మారుతుంది.

పంకజాక్షి ల్యాబ్ ఊరి చివరే. ఫ్రీజర్‌లోంచి తీసిన మందు ఐస్‌బాక్సులో నిదానంగా కరగాలి. తొందరపడి వేడి తగిలిస్తే పనికిరాదు. బాక్సు డిపార్ట్‌మెంట్ వ్యాన్‌లో పెట్టించి ఆవిడ చీర కొంగు సర్దుకుంది.

"అది కరిగేలోపల అమ్మవారికి దండం పెట్టుకోని వస్తా."

"వద్దు మేడమ్."

"నా చేతిలో ఉండేది నేను చేసినానప్పా. మిగతాది ఆయమ్మ చేతిలో ఉండాది." గుడి దగ్గర వ్యాన్ ఆపించి, దిగి నడిచింది. సైంటిస్టులతో వాదన పెట్టుకున్న ఏజెంటు ఎవడూ బాగుపడలేదు. రవిచంద్ర వెనకాలే నడిచాడు.

పూలవీధిలో నాగరత్నమ్మ కొట్టు దగ్గర ఒక పట్టుచీర ఆగింది. వీధిలో సగం కళ్లు అటే తిరిగాయి.

"నగరి బస్సు పోయిందా అన్నా?" అంది పట్టుచీర.

"చెన్నై రైలుండాది." కోడ్ సరిపోయింది. ముఖమూ ఫోటోతో సరిపోయింది. యాసలో వంక పెట్టడానికి లేదు.

"డాక్టరమ్మ దగ్గర నేనుంటా. నువ్వు గేటు సూడు," అంది రాజశ్రీ. అమ్మవారికని మూర మల్లెలు కొని, అలవోకగా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

నాగరత్నమ్మ ఇంతెత్తున లేచింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! అమ్మోరికి పెట్టే పూలు ఎవురైనా వాసన సూస్తారా? యాడ పుట్టినావే తల్లీ నువ్వు?"

రాజశ్రీ నవ్వి, ఆ పూలు పక్కనబెట్టి వేరేవి తీసుకుంది. రవిచంద్రకు నవ్వు రాలేదు. యాడ పుట్టింది? ఈ వీధిలో అయితే కాదు. దండలు కట్టే ఇంటి పిల్లకు నడక రాకముందే ఆ మాట నేర్పుతారు. సర్జరీతో ముఖం మార్చొచ్చు, కోచింగ్‌తో యాస నేర్పించొచ్చు. అసలు రాజశ్రీ ఇక లేదని అతనికి అక్కడే అర్థమైంది. అయినా ఏమీ తెలియనట్టే వాళ్ల వెనకే నడిచాడు.

దర్శనమైంది. గుడి బయట ఆమె తన సంచిలోంచి ఆకుపొట్లం తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"ప్రసాదం పూలమ్మా. కండ్లకద్దుకోండి."

అమ్మవారికి పెట్టేముందు వాసన చూడకూడదు; పెట్టి వచ్చిన పూలు కళ్లకద్దుకోకుండా ఉండకూడదు. ఆర్కిడ్ రెండో పాఠం మాత్రమే చదువుకుంది. పంకజాక్షి కళ్లు మూసుకుని పూలు పైకెత్తింది. రవిచంద్ర మణికట్టు మీద దారం నీలంగా మారింది.

అతని తడి తువ్వాలు పూలమీద పడింది. పొట్లం ఆవిడ చెంపకు తగలబోతుండగా తువ్వాలుతో సహా లాగేశాడు. నకిలీ రాజశ్రీ చెయ్యి సంచిలోని పిస్టల్ కోసం వెళ్లింది. అతను పూలను ఆమె ముక్కుమీద పెట్టి నొక్కాడు. ఆమె ఊపిరి బిగబట్టింది. అతను ఓపిగ్గా కాచుకున్నాడు. ఊపిరితిత్తులు ఏ ముఠా మాటా వినవు.

"ఎండకు కండ్లు తిరిగినట్టుండాది, పక్కకు జరగండి," అంటూ జనంలోంచి ఆమెను వ్యాన్‌లోకి ఎక్కించారు.

"పాల్‌కూ నీకూ ఇప్పుడు ఒకటే జబ్బు," అన్నాడు రవిచంద్ర, ఐస్‌బాక్సు మీద చెయ్యేసి. "పొడి యాడ చేస్తా ఉండారు? నిజం సెప్తే ఈ డోసు రాజశ్రీదే. నా మాట."

పెదవి రంగు కింద పెదవులు తెల్లబడ్డాయి. ఆమె చెప్పేసింది. నగరి బయట ఒక పవర్‌లూమ్ షెడ్డు. మగ్గాల మోతలో గ్రైండర్ చప్పుడు వినపడదు. చెన్నై రైలెక్కడానికి సిద్ధంగా ఉన్న పీపాలు. నలుగురి పేర్లు. మునస్వామి మనుషులు స్టేషన్ చేరేసరికి రైలు కూత పెట్టింది. ఆఖరి పీపాను బోగీ తలుపులోంచి కిందికి గుంజారు.

ఫోన్‌లో ఆ కబురు విన్నాక రవిచంద్ర తల ఊపాడు.

"ఇవ్వు," అంది ఆమె. ఐస్‌బాక్సు వైపు చెయ్యి చాచింది.

"ఇస్తా. రాజశ్రీ యాడుంది?"

"చంపేశాం. మొదటి టెస్టు ఆమె మీదే."

"అయితే డోసు మిగిలినట్టే."

"సగం సగం..." అని ఆమె డాక్టరమ్మ వైపు తిరిగి ప్రాధేయపడింది. పంకజాక్షి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "సగం డోసు ఎవురినీ బతికించదు తల్లీ," అని ముఖం తిప్పుకుంది. ఆస్పత్రి చేరేవరకూ ఆ నకిలీ మనిషి అరుస్తూనే ఉంది. చివర్లో ఏ భాషలో అరుస్తోందో ఆమెకే తెలియలేదు.

మందు పాల్ నరంలోకి ఎక్కింది. మూర్ఛలు ఆగాయి. కట్లు విప్పారు. అతను కళ్లు తెరిచేసరికి జెస్సీ ఏడుస్తూ నవ్వుతూ అతని చెయ్యి పట్టుకుంది.

పాల్ మర్యాదగా చెయ్యి విడిపించుకున్నాడు.

"సిస్టర్, కొంచెం నీళ్లిస్తారా?"

జెస్సీ డాక్టరమ్మ వంక చూసింది. పంకజాక్షి తల అడ్డంగా ఊపింది. చచ్చిన నరాల కణాలు ఏ మందుకూ తిరిగి రావు. జెస్సీ కొంగుతో ముఖం తుడుచుకుని గ్లాసు నింపి తెచ్చింది.

"తీసుకోండి సార్," అంది.

రవిచంద్ర వరండాలోకి వచ్చేశాడు. ఫోన్ మోగింది.

"ఆపరేషన్?" అన్నాడు మునస్వామి.

"సక్సెస్ సార్."

"మనవైపు నష్టం?"

లోపల పాల్, 'మీ పేరేంది సిస్టర్?' అని అడుగుతున్నాడు.

"నిల్ సార్," అన్నాడు రవిచంద్ర.