చల్లకడ్డీ వేడి

ఐదో పన్ను కోతమరలోంచి బయటికి వచ్చింది. గౌరీశ్వరి దాన్ని పట్టకారుతో అందుకుని, తడి ఆరకముందే, ఖాళీలు లెక్కగట్టే తీర్పరి మర కన్ను కింద పెట్టింది. వేరు మధ్యలో కందిగింజంత గుంట. లోదొలుపు జబ్బు పట్టిన పళ్లన్నీ ఇంతే. పైకి తెల్లగానే ఉంటాయి, లోపల తమను తామే కరిగించుకుంటాయి. గుంట పూర్తిగా నిండితే పన్ను నిలుస్తుంది. లేకపోతే పోతుంది.

"వేడిజిగురు. ఖాళీ నూటికి మూడు," అంది తీర్పరి.

వేడిజిగురు, మట్టిముద్ద, చల్లకడ్డీ. ఆరు నెలలు తొమ్మిదిమంది ఆడవాళ్లు ఈ మూడింటినీ పీకిన పళ్లలో నింపారు, కోశారు, పోల్చారు. నూటికి ఒక్క ఖాళీతో చల్లకడ్డీ గెలిచింది. పోయిన నెల నుంచి నలభై ఊళ్ల దంతశాలల్లో మరచేతులు అదొక్కటే నింపుతున్నాయి.

ఆరో పన్ను దంతశాలలో ఒక రోగి నోట్లోంచి తిరిగొచ్చినది. చీటీ మీద ఇలా ఉంది: స్త్రీ, ఇరవై రెండేళ్లు, చంటిబిడ్డ తల్లి. చల్లకడ్డీ. ఇరవయ్యో రోజున వాపు. పీకివేత.

కోసి చూస్తే కడ్డీ నిటారుగా దిగింది గానీ గుంటలోకి ఒరగనే లేదు.

"ఖాళీ నూటికి నలభై. కారణం తెలియడం లేదు," అంది తీర్పరి.

గౌరీశ్వరికి తెలుసు. ఈ పరీక్షల హాల్లో పద్దెనిమిది డిగ్రీల చలి. ఆ చలికి కడ్డీలు పుటుక్కున విరిగేవి. విరిగిన ప్రతి కడ్డీ నింపిన మనిషి తప్పుగా నమోదయ్యేది. తొమ్మిదో తరగతితో బడి మానేసిన తనను తీసుకోవడమే గొప్ప, తప్పులు పడితే ఉంచుకుంటారా అని రోజూ భయమే. మొదటి వారంలోనే పక్క బల్ల సన్యాసమ్మ కిటుకు చెప్పింది. "రవికలో ఎట్టుకోయే, మెత్తబడిపోతాది." అందరూ అదే చేశారు. పాలిచ్చే తల్లి కదా, గౌరీశ్వరి కడ్డీ ఒక్కటీ విరగలేదు. మెత్తని కడ్డీ గుంటలోకి చక్కగా ఒరిగేది. పట్టికలో మాత్రం 'చలిలో నింపినది' అనే పడింది; మరచేతులు ఆ పట్టిక చూసి చల్లగానే నింపుతున్నాయి.

"అప్పా, సెప్పేద్దాం," అంది సన్యాసమ్మతో గొంతు తగ్గించి.

"ఊరుకోయే! అద్దం ఎనకాల ఇంజినీర్లున్నారు. మగోళ్ల ముందు రవిక సంగతా? సిగ్గునేదేటి నీకు?"

"ఉంది. అందుకే ఇన్నాళ్లు నోరిప్పలేదు. ఆ పిల్లది నా ఈడే అప్పా."

"మనల్ని అడిగినోడెవుడు?"

"అడగనేదు. మనమూ సెప్పనేదు."

సన్యాసమ్మ మొహం తిప్పుకుంది. గౌరీశ్వరి తీర్పరి ముందుకెళ్లి నిలబడింది.

"కడ్డీలు చల్లగా పెట్టలేదు. వెచ్చబెట్టి నింపాం."

"ఏ పొదుగుపెట్టెలో?"

"పెట్టెలో కాదు."

"చోటు చెప్పండి."

గౌరీశ్వరికి మొహం చెవుల దాకా వేడెక్కింది. బిడ్డకు పాలిచ్చే వేళ దాటి, పనికోటు ముందు భాగం తడిసి ఉంది. రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"రవికలో."

"ఆ చోటు జాబితాలో లేదు. మళ్లీ చెప్పండి."

రెండోసారి హాలంతా వినబడేలా చెప్పాల్సి వచ్చింది. అద్దం వెనుక తలలు లేచాయి. ఆమె తల వంచుకుని, లోపలినుంచి ఒక కడ్డీ తీసి కన్ను కింద పెట్టింది. పాల తడి అంటిన అది ఒంటి వేడికి మెత్తగా వంగిపోయింది.

"ముప్ఫై ఆరు డిగ్రీలు," అంది తీర్పరి. "ఈ బల్ల చల్లకడ్డీ లెక్క చెల్లదు."

గోడ మీద నలభై ఊళ్ల దీపాలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. అక్కడ తెరిచిన నోళ్ల మీద మరచేతులు గాలిలోనే ఆగిపోయి ఉంటాయి.

"మిగతా ఎనిమిది బల్లలు చెప్పాలి," అంది తీర్పరి.

సన్యాసమ్మ గొణుక్కుంటూ లేచి, గౌరీశ్వరి పక్కకొచ్చి నిలబడింది.

"ఓ కన్నూ, కాసేపు అటు తిరుగు," అని తీర్పరికి చెప్పి రవికలో చెయ్యి పెట్టింది.