ద్రాక్షారసంలో చేదు

ఆ శనివారం ఇంట్లో ఉన్నది అయిదుగురు. ఇంటి పెద్ద హజరత్తయ్య, ఆయన భార్య కామమ్మ, పదేళ్లు రంగూన్‌లో ఉండి తిరిగొచ్చిన తమ్ముడు ముత్యాలయ్య, భర్త పోయిన కోడలు మస్తానమ్మ, ద్రాక్షారసం రుచి చూడటానికి వచ్చిన దావీదు ఫాదర్.

మద్యనిషేధం రోజులవి. చర్చిలో పూజకు వాడే రసానికి మాత్రమే అనుమతి. కృష్ణపట్నం దగ్గరి ఆ ఇసుక నేలలో భర్త నాటిపోయిన ద్రాక్ష తీగలను మస్తానమ్మ నాలుగేళ్లు కడవలతో నీళ్లు మోసి బతికించింది. ఫాదర్‌కు రసం నచ్చకపోతే అవి పీకించి సరుగుడు వేయిస్తానని మామ ముందే చెప్పాడు.

ఫాదర్ ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"ఇక్కడి ఎండకు పండు బాగా మాగుతుంది. రసం చిక్కగా, తియ్యగా ఉండాలి. ఇదేమిటి, ఇంత చేదు? గింజలు నలిగాయేమో."

"అవును, చేదే," అన్నాడు ముత్యాలయ్య.

"నాకు తియ్యగానే ఉండాదే," అని గొణిగాడు హజరత్తయ్య. రసం పిండిన మస్తానమ్మ తలెత్తలేదు.

ఒకే కూజాలోని రసం ఇద్దరికి చేదు, ఒకరికి తీపి ఎలా అయిందో ఫాదర్‌కు అంతుపట్టలేదు. మర్నాడు పూజ ముగిశాక నెల్లూరు నుంచి ప్రైవేటు డిటెక్టివ్ చెంచయ్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన సహాయకుడు ఓబులేసు, గురువుగారు దగ్గినా రాసుకునే మనిషి, పుస్తకం తెరిచి కూర్చున్నాడు.

దండెం మీద ముత్యాలయ్య తెల్ల చొక్కా ఆరుతోంది. మస్తానమ్మ ఎంత రుద్దినా రొమ్ము మీది ఎర్రమరక వదల్లేదు. ఫాదర్ తాగిన గ్లాసు ఇంకా అరుగు మూలనే ఉంది. పెదవి తగిలిన గ్లాసును ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు. అంట్లు తోమే మనిషి రెండు రోజులుగా రాలేదు.

"గింజలు నలిపినావా అమ్మా?" అని చెంచయ్య మస్తానమ్మను అడిగాడు.

"లేదయ్యా. గుడ్డలో ఏసి చేత్తో పిండినా."

"గ్లాసులు యాడ పెట్టినావు?"

"అరుగు మీద, మూడూ వరసగా. పెట్టి తోటలోకి పోయినా."

"నీ రసం రుచి ఎట్టుంటాది?"

"నాకేం తెలుసయ్యా? మేం తాగుతామా?"

ఓబులేసు కలం ఒక్క క్షణం ఆగింది.

"ఇంట్లో చేదు వస్తువేముంది?" అని చెంచయ్య కామమ్మను అడిగాడు.

"నేలవేము కషాయం. జొరాలకని కాచి పొయ్యి పక్కన పెట్టినా."

"మా వదినకు తాగుడంటేనే మంట. ఆమెనే అడగండి," అన్నాడు ముత్యాలయ్య.

"ఆఁ, నేనే కలిపినా. రేపు నీ సంగట్లో గూడా కలపతా," అంది కామమ్మ వెటకారంగా.

చెంచయ్య నవ్వి, అందరికీ కాఫీ ఇమ్మన్నాడు. మస్తానమ్మ ఇచ్చింది. ఆయన అరుగు మీది గ్లాసు తీసి, అడుగున మిగిలిన చుక్కను వేలితో నాలుకకు రాసుకున్నాడు. "తీపి. ఎండిన ద్రాక్ష తిన్నట్టుంది." తర్వాత గ్లాసు అంచును తడివేలితో తుడిచి రుచి చూశాడు. ఆయన ముఖం ముడుచుకుపోయింది.

"రసంలో ఏమీ కలపలేదు. గ్లాసుల అంచులకు కషాయం పూసినారు, మూడింటికీ. ఫాదర్ ఏది తీసుకుంటాడో తెలీదు గదా. తెలియాల్సిన పని గూడా లేదు. ఈ ఇంట్లో వాళ్లు ఎత్తి పోసుకుంటారు. నిన్న పెదవి ఆనించింది ఆయనొక్కడే. హజరత్తయ్య గారు ఎత్తి పోసుకున్నారు, కాబట్టి తియ్యగానే ఉంది. ముత్యాలయ్య గారూ, మీరూ ఎత్తి పోసుకున్నారు. మరి మీకు చేదెట్ట తగిలింది?"

"నేను పెదవి ఆనించే తాగినా."

"అట్టయితే చొక్కా రొమ్ము మీదికి ఆ మరక యాడిది? అలవాటు లేని ఎత్తుడు. ఇప్పుడు కాఫీ ఎట్ట తాగుతుండారో చూసుకోండి. రంగూన్‌లో పెదవి ఆనించడం అలవాటైనా, అంచు చేదని తెలిసే నిన్న ఎత్తి పోసుకున్నారు."

ముత్యాలయ్య గ్లాసును పెదవుల మీంచి మెల్లగా దించాడు.

"తీగలుంటే ఈ పిల్ల ఈడనే ఉంటాది," అన్నాడు చివరికి. "రేపు తోట నాదే అంటాది. సరుగుడైతే నాదని ఎవురూ అడగరు."

హజరత్తయ్య తమ్ముడి వంక చూడలేదు. లేచి కొత్త గ్లాసులో రసం పోసి ఫాదర్‌కు ఇచ్చాడు. ఫాదర్ కళ్లు మూసుకుని, గుక్క నోట్లో కాసేపు ఉంచుకుని మింగాడు.

"ఏటేటా ఇదే కావాలి."

"అయితే లోపలికి రండి, మాట్లాడుకుందాం."

మస్తానమ్మ కూజా పట్టుకుని వాళ్ల వెనకే నడిచింది. ఏ తీగ ఎంత కాస్తుందో, మళ్లీ కోత ఎప్పుడో ఆమెకే తెలుసు. చెప్పడానికి నోరు తెరిచింది.

"అది ఇట్టా ఇయ్యి అమ్మాయ్," అంటూ మామ ఆమె చేతిలోని కూజా అందుకుని తలుపు వేసుకున్నాడు.