బుగ్గమ్మను పిలిచినవాళ్లు

తాండూరు దాటాక రోడ్డు పక్కన ఓ పాడుబడ్డ నాపరాళ్ల గని ఉంది. నిండా నీళ్లు. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపేవాడు లేడు. అందులో ఓ ఆడమనిషి దెయ్యమై తిరుగుతోందని చెప్పుకుంటారు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు... మన రూపేష్ కనిపెట్టేదాకా.

రూపేష్ అంటే బండల దుకాణం కిషన్ సేటు కొడుకు. దుకాణంలో కంటే ఫోన్‌లోనే ఎక్కువ ఉంటాడు. సర్కారు పాత కాగితాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టిందని తెలిసి వెతికితే, యాభై ఏళ్ల కిందటి పోలీసు రిపోర్టు దొరికింది. గొర్రెలు కాసే బుగ్గమ్మ గనిలో పడింది, శవం దొరకలేదు. అంతే! పేరుతో సహా రీల్ చేసి వదిలాడు. "గని అంచున నిలబడి పిలవండి, బుగ్గమ్మ పలుకుతది!"

పలికేది రాతిగోడలని వాడికి తెలుసు. "సర్కారే అందరి కోసం పెట్టింది, నేనేమన్న దొంగతనం చేసిన్నా?" అని వాదన కూడా. కుర్రాళ్లు వికారాబాద్ నుంచి కూడా బండ్లేసుకుని వచ్చి పిలవడం మొదలుపెట్టారు. వీడికి లైకులే లైకులు.

రెండో రీల్ కోసం ఓ రాత్రి తనే వెళ్లాడు. ఒక్కడే.

"బుగ్గమ్మా..."

నీళ్ల మీంచి అదే మాట తిరిగొచ్చింది. నవ్వుకుని మళ్లీ పిలిచాడు.

"ఆఁ... వస్తున్న... వస్తున్న..."

ఈసారి గనిలోంచి కాదు — వెనక నుంచి!

ఫోన్ జారి బండ మీద పడింది. దాని వెలుగులో... నెరిసిన జుట్టు, వంగిన నడుము, చేతుల మీద ఏదో నల్లటిది. ఆ ఆకారం దగ్గరికొచ్చి, గుసగుసగా అడిగింది.

"మా అమ్మ దొరికిందా, కొడుకా?"

దెయ్యం కాదు. గని అవతల గొర్రెల దొడ్డిలో ఉండే ముసలమ్మ. బుగ్గమ్మ బిడ్డ.

"రోజూ రాత్రి ఎవరో అమ్మను పేరు పెట్టి పిలుస్తున్నరు. గిన్నేండ్లకు జాడ తెలిసిందేమో అనుకున్న. గొర్రెపిల్ల పడ్డదని దిగింది గదా... పైకొస్తే చలి పెడతదని గొంగడి తెచ్చిన."

"లేదవ్వా... నేను..." అంటూ కిందపడ్డ ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. "సిగ్గుతో చచ్చిపోయిన అన్నా" అన్నాడు తర్వాత నాతో, తలెత్తకుండా. ఆమెను దొడ్డి దాకా దింపి వచ్చాడు గానీ, నిజం చెప్పలేకపోయాడట.

ఇంటికెళ్లగానే రీల్ తీసేశాడు. ఏం లాభం? అప్పటికే ఎన్ని ఫోన్లలోకి పోయిందో! ఎలాగైనా నిజం చెప్పేద్దామని మర్నాడు రాత్రి మళ్లీ దొడ్డికి వెళ్లాడు. ముసలమ్మ ఎదురొచ్చింది. వీడు నోరు తెరిచేలోపే గని వైపు నుంచి ఎవరో పోరగాళ్లు, నవ్వుతూ —

"బుగ్గమ్మా..."

ఆమె మొహం వెలిగిపోయింది. గొంగడి అందుకుంది.

"విన్నవా, కొడుకా? జర నా చెయ్యి పట్టుకో... పోదాం."