కుజ్మా బావిలో రెండో గొంతు

పొద్దుగూకాక కుజ్మా కెప్టెన్ బావి దగ్గరికి స్క్రపా ఊళ్లో ఎవరూ వెళ్లరు. గాడిదలు కూడా ఆ దారిన అడుగు వెయ్యవంటారు. ఊళ్లో ఇప్పుడు గాడిదలే లేవు, అది వేరే సంగతి.

కొండమీద, కప్పు కూలిన ఇంటి వాకిట్లో, ఇనపమూత వేసిన వాననీటి బావి అది. కెప్టెన్ పోయి ఎంతకాలమైందో చెప్పేవాళ్లు కూడా పోయారు. కానీ రాత్రిపూట అందులో చేద వేస్తే... కిందినుంచి ఎవరో తాడు పట్టుకుంటారట. ఆ తర్వాత ఒక చెయ్యి పైకి వస్తుందట. నల్లగా, తడిగా... వేళ్లు లేని చెయ్యి.

ఈ కథ ఊళ్లో అందరికన్నా బాగా చెప్పేది లోవ్రె. విని అందరికన్నా ఎక్కువ భయపడేదీ లోవ్రెనే.

అతని గురించి ఒక్క మాట చెప్పాలి. తరతరాల జాలర్ల ఇంట్లో పుట్టి, పడవెక్కితే కడుపులో తిప్పే వీరుడతను. రేవులో కట్టేసిన పడవైనా సరే. అందుకే నేలనే నమ్ముకుని, ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకి కొండదారులు చూపించే పని పెట్టుకున్నాడు. ఆ వేసవి మొత్తమ్మీద వచ్చినవాళ్లని, మొహమాటానికి వచ్చిన మేనత్తతో సహా, ఒక్క బల్ల చుట్టూ కూర్చోబెట్టొచ్చు.

"చలిగాలి మొదలయ్యేలోపు నీ పని ఓ దారికి రాకపోతే నా పడవెక్కుతావు," అన్నాడు బార్తుల్ బాబాయి. నవ్వుతూ అన్న మాట కాదది.

అదిగో, అప్పుడు దిగింది జాగ్రెబ్ నగరం నుంచి జ్రింకా గారు. అక్కడి నడక సంఘానికి ఆవిడే పెద్ద. ఊరు నచ్చితే ఏటా వసంతంలో సంఘాన్నంతా వెంటేసుకొస్తానంది. పొద్దున కొండంతా తిప్పాడు. మధ్యాహ్నం సముద్రపు గుహలో ఈత. అంటే, ఈత కొట్టింది ఆవిడ. లోవ్రె ఒడ్డున బట్టలకి కాపలా.

"రాత్రికేం చూపిస్తావు?"

"దీపాలు," అన్నాడు లోవ్రె గొప్పగా.

వెన్నెల లేని రాత్రుల్లో స్క్రపా పడవలు పెద్దపెద్ద దీపాలు వేలాడేసుకుని సార్డీన్ చేపల వేటకి వెళ్తాయి. కొండమీంచి చూస్తే ఆకాశం ఏదో, సముద్రం ఏదో తెలియదు. ఆ రాత్రి గాలి కూడా లేదు. కింద పడవలో ఎవరో దగ్గితే పైకి వినిపిస్తోంది...

జ్రింకా గారు ఆ దీపాలకేసి చాలాసేపు చూసింది. తర్వాత నీళ్ల సీసా తలకిందులు చేసింది. చుక్క లేదు.

"ఆ కూలిన ఇంటి బావిలో నీళ్లున్నాయా?"

"ఉన్నాయి... కానీ..." లోవ్రె గొంతు తగ్గించి కథంతా చెప్పాడు. ఆపాల్సిన చోట ఆపాడు. వణికించాల్సిన చోట వణికించాడు. అతను కూడా వణికాడు.

ఆవిడ ఆవులించింది.

"నువ్వు నమ్ముతావా ఇదంతా?"

నమ్ముతానంటే పోయేదేముంది? ఇద్దరూ దిగి వచ్చేసేవాళ్లు. కానీ నోరు ఊరుకోదు కదా.

"ఛ! నేనా?"

"అయితే ఒక చేదెడు తోడు బాబూ."

లోవ్రె మూత ఎత్తాడు. కిర్ర్... మంది. చేద వదిలాడు. కింద ఎక్కడో బుడుంగుమంది. తాడు లాగాడు... లాగాడు...

తాడు గుంజింది.

"బరువుగా ఉందా?" అంది ఆవిడ.

"ల... లేదు."

చేద గట్టుమీదికి వచ్చింది. పట్టుకోబోయాడు. చల్లగా, జిగటగా ఏదో అతని మణికట్టుకి చుట్టుకుంది... నల్లగా. తడిగా. వేళ్లు లేకుండా!

లోవ్రె బావిలోకి వంగినవాడు వంగినట్టే కెవ్వుమన్నాడు.

మరుక్షణం బావి అడుగునుంచి ఎవరో కెవ్వుమన్నారు!

ఆ తర్వాత దారి గురించి అతన్ని అడిగి లాభం లేదు. ముళ్లపొదలే దారి. ఒక చెప్పు ఎవరి ద్రాక్షతోటలోనో దొరికింది, రెండోది ఇంకా దొరకలేదు. పెరీనా బామ్మ తలుపు తీసేసరికి మనవడు గుమ్మంలో బోర్లా పడి ఉన్నాడు.

"చెయ్యి... బామ్మా... కుజ్మా బావిలో... నల్ల చెయ్యి..."

"ఆవిడేదిరా?"

"ఎవరు?"

"నీ వెంట వచ్చిన జాగ్రెబ్ ఆవిడ!"

లోవ్రె వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. సంఘం పోయింది, వసంతం పోయింది. కళ్లముందు బాబాయి పడవ ఊగింది. అప్పుడే కడుపులో తిప్పడం మొదలైంది.

బామ్మకి ఆవిడమీద బెంగ లేదు. "ఆ చెయ్యిని ఏం చేశావు? రాళ్లమీద పడేశావా?"

"ఏమో... విదిలించాను..."

"నీ మొహం మండ! అది పాములా ఉండే మలుగు చేప! నా పెళ్లయిన ఏడు నదిలోంచి తెచ్చి నా చేత్తో వేశాను. పురుగూ పుట్రా తిని నీళ్లు తేటగా ఉంచుతుందని ప్రతి బావిలో ఒకదాన్ని వేసేవాళ్లం. పిల్ల వెధవలు తొంగి చూడకుండా ఆ చెయ్యి కథ కట్టిందీ నేనే. పద, అది చచ్చిందో నువ్వూ చచ్చావే!"

"మరి... అరిచిందేంటి బామ్మా?"

"చేపలు అరవవురా సన్నాసీ."

ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. బామ్మ చెవి పట్టుకుని లాక్కెళ్లింది కాబట్టి వెళ్లాడు.

పైన జ్రింకా గారు బావిగట్టుమీద నింపాదిగా కూర్చుని ఉంది. మోచేతులదాకా జిగట.

"మీ దెయ్యాన్ని మళ్లీ లోపల వేసేశాను," అంది. "రాళ్లమీద గిలగిల్లాడిపోయింది పాపం."

"మీరు... అరిచారా?" అన్నాడు లోవ్రె గుసగుసగా.

ఆవిడ వెనక్కి తిరిగింది. బావిలోకి వంగి మెల్లగా పిలిచింది.

"లోవ్రె..."

"...లోవ్రె..." అంది బావి.

బామ్మ నవ్వలేక రాయిమీద కూలబడింది.

దిగేటప్పుడు ఇద్దరాడవాళ్లూ ముందు, అతను వెనక, ఉత్తకాళ్లతో. సగం దారిలో జ్రింకా గారు అంది: "వసంతంలో మా సంఘం మొత్తం వస్తుంది. కానీ లోవ్రె, ఆ కేక మాత్రం ఉండాలి. అంతే గట్టిగా."

తెల్లారి పడవలు రేవుకొచ్చాయి. బార్తుల్ బాబాయి ఒడ్డున దూకుతూనే తిట్లు అందుకున్నాడు. రాత్రి కొండమీద ఎవరో చచ్చారనుకుని పడవలన్నీ దీపాలు ఆర్పి ప్రార్థన చేశాయట. చేపలన్నీ ఎటో పోయాయట. రేవులో ఉన్నవాళ్లంతా లోవ్రె కాళ్లకేసి, గీరుకుపోయిన మోకాళ్లకేసి చూశారు. ఇక చెప్పేదేముంది?

బాబాయి తన తల్లి పెరీనా బామ్మవైపు తిరిగాడు.

"అమ్మా, రెండు కేకలు విన్నాం. మొదటిది వీడిదే, తెలిసిపోయింది. వీణ్ణి నా పడవ ఛాయలకి కూడా రానివ్వకు. కానీ ఆ రెండోవాడెవడో... వాడి గొంతులో కాస్త ధైర్యం ఉంది. వాణ్ణి పంపు."